చలనచిత్ర కథనమున స్థలము: ఉత్తర తెలంగాణ చిత్రముల పరిశీలన

కథకు దేశకాలములు ఆధారములన్న మాట కొత్తది కాదు. ఐనను సాహిత్యవిద్యార్థి చలనచిత్రమును పరిశీలింపబూనినపుడు కథను, పాత్రలను, సంభాషణలను, పాటలను గూర్చి పుటలకొలది వ్రాసి, ఆ కథ జరిగిన చోటును గూర్చి ఒకటి రెండు వాక్యములతో సరిపుచ్చుట తరచుగ కనబడుచున్నది. ప్రకృతిదృశ్యములు మనోహరముగ నున్నవనియో, పల్లె వాతావరణము సహజముగ నున్నదనియో చెప్పుటతో ఆ ప్రకరణము ముగియును. చోటును కథకు తొడిగిన నగగా భావించుటయే ఇందులకు కారణమని మాకు తోచుచున్నది. చలనచిత్రమున చోటు నగ కాదు. అది పాత్రలకు కొన్ని దారులు తెరచి, కొన్ని దారులు మూసి, కథను నడపు శక్తి. ఏ చిత్రమున అది నడపుచున్నదో, ఏ చిత్రమున ఊరక నిలిచియున్నదో తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. ఆ పరీక్షను ఆదిలాబాదు, కరీంనగర సీమలకు చెందిన కొన్ని చిత్రముల యందును, వాటికి పొరుగైన తెలంగాణ చిత్రముల యందును పెట్టి చూడవలెనని ఈ వ్యాసము సంకల్పము. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనచే ఈ రెండు జిల్లాలును పలు జిల్లాలైనవి. మేము మాత్రము ఆదిలాబాదు, కరీంనగరము అను పేర్లను పూర్వపు విస్తృతార్థముననే వాడుచున్నాము.

ప్రబంధమునకు పదునెనిమిది వర్ణనములు ఉండవలెనని నియమము. పురము, సముద్రము, శైలము, ఋతువులు, చంద్రోదయము మున్నగునవి అందు చేరును. చోటు వర్ణింపదగిన వస్తువు మాత్రమే అన్న భావము మనలో పాతుకొనుటకు ఈ నియమమును కొంత కారణమై యుండును. కాని ఆ ప్రబంధములలోనే దీనికి భిన్నమైన గొప్ప ఉదాహరణము కలదు. అల్లసాని పెద్దన మనుచరిత్రమున ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపమును పూసికొని హిమాలయమునకు పోవును. కవి అచటి శోభను వర్ణించును. అంతవరకు హిమాలయము వర్ణ్యవస్తువే. ఇంతలో మంచునీటి తడికి కాళ్ళ పసరు కరిగిపోవును. ఇంటికి మరలు ఉపాయము లేదు. ఆ క్షణమునుండి హిమాలయము కథను తన చేతిలోనికి తీసికొన్నది. దారి కానని బ్రాహ్మణుడు దారి చెప్పువారిని వెదకుచు పోయి వరూధినిని చూచును. తరువాతి కథ అంతయు దానినుండి పుట్టినదే. ఇదే కథను ఒక ఉద్యానమునకో, ఎండకాయు మైదానమునకో మార్చినయెడల పసరు కరగదు, కథ పుట్టదు.

మేము చెప్పదలచిన పరీక్ష ఇంతియే. ఒక కథను దాని చోటినుండి పెరికి వేరొకచోట నాటినట్లు ఊహింపుడు. ఏమి తెగిపోవునో చూడుడు. ఏమియు తెగనిచో ఆ చోటు వెనుక కట్టిన తెర మాత్రమే. కథ ప్రాణమే తెగినచో అది పసరు కరగించిన చోటు. తమిళుల ప్రాచీన కవిత్వమున కొండ, అడవి, పొలము, కడలితీరము, ఎడారి అను అయిదు తిణైలకు అయిదు ప్రణయావస్థలను ముడిపెట్టిరి. అది కవులును శ్రోతలును ముందుగ చేసికొన్న ఒప్పందము. చలనచిత్రమునకు అట్టి ఒప్పందము లేదు. ప్రతి చిత్రమును తన చోటునకు తానే అర్థము కల్పించుకొనవలసి యున్నది.

గ్రంథరచయితకు గల ఒక సౌకర్యము చిత్రదర్శకునకు లేదు. రచయిత 'ముసలివాడు నవ్వెను' అని వ్రాసి ఊరకుండవచ్చును. ఆ నవ్వునకు వెనుక గోడ అక్కరలేదు. కెమెరా ముందు ముసలివాడు నవ్వినపుడు వాని వెనుక గోడయో, చెట్టో, ఆకాశమో ఉండక తప్పదు. గోడ ఉన్నచో అది మట్టిగోడయో, గచ్చుగోడయో, సున్నము వేసి ఎన్నేండ్లైనదో కూడ కనబడును. అనగా చిత్రమున చోటు ప్రతి క్షణమును మాటాడుచునే యుండును. ఎడతెగక మాటాడువాని మాటను ఎవరును వినరు గదా! ప్రేక్షకుడును అట్లే అలవాటుపడి దానిని విననట్లుండును. కాని దర్శకుడు కథలోని ఒక కీలకమును ఆ గోడకు తగిలించినపుడు వెంటనే గుర్తించును.

మన దేశీయ రంగస్థలమునకు ఈ చిక్కు లేదు. భరతుడు నాట్యశాస్త్రమున కక్ష్యావిభాగమును చెప్పెను. నటుడు రంగముపై ఒక చుట్టు తిరిగినచో ఒక చోటినుండి మరొక చోటికి పోయినట్లు భావింపవలెను. ఇటీవలి కాలమువరకు మన పల్లెలలో ఆడుచుండిన చిందు భాగవతులును ఇదే పద్ధతి నెరుగుదురు. నాలుగు అడుగులు, ఒక పదము. అంతటితో అడవి వచ్చును, మరల నాలుగు అడుగులతో రాజసభ వచ్చును. అచట చోటును సృష్టించునది నటుని నడక, శ్రోత ఊహ.

చలనచిత్రము కూడ చోటును సృష్టింపగలదు. ఆ శక్తిని మొదట ప్రయోగపూర్వకముగ చూపినవారిలో రష్యను దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకడు. 1920 ప్రాంతమున ఆతడు మాస్కో వీథులలో తీసిన తునకల నడుమ వాషింగ్టనులోని వైట్ హౌసు దృశ్యమును చేర్చి, మాస్కోలో నడచిన నటులు దానిలోనికే పోయినట్లు భ్రమ కలిగించెను. నూరేండ్ల తరువాత మన దర్శకులు చేసినదియు ఇదే. 2022లో విడుదలైన 'ఆర్ ఆర్ ఆర్' చిత్రమున ఢిల్లీ ప్రాసాదము ముంగిట జరుగు ప్రసిద్ధ నృత్యమును 2021లో ఉక్రెయిను రాజధానియైన కీవ్ నగరపు మారియిన్స్కీ ప్రాసాదము ముందు చిత్రించిరి. చూచువారిలో ఎవరును 'ఇది ఢిల్లీ కాదు' అని లేచి పోలేదు. కావున 'అచటనే తీసిరా?' అను ప్రశ్నకు విమర్శలో మనమిచ్చుచున్న ప్రాధాన్యము మితిమీరినదని మా అభిప్రాయము.

కృత్రిమమైన సెట్టులో చోటు పనిచేయదనుటయు సరి కాదు. 1957 నాటి 'మాయాబజారు'ను చూడుడు. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కల్పించిన ఆ లోకమంతయు మదరాసు స్టూడియో సృష్టి. ఐనను అందలి విడిది ఊరక మెరయుటలేదు. తల్పము, కంబళి మగపెండ్లివారిని ఆటపట్టించును. చివర సత్యపీఠముపై నిలిచిన శకుని తన కుతంత్రమును తన నోటనే వెల్లడించును. కథ ముడి విడినది ఏ వీరుని గదాఘాతముచేతను కాదు, కాలు మోపిన ఒక పీఠముచేత. నిజమైన ఊరిలో తీసిన ఎన్నియో చిత్రములలో చోటు ఇందులో పదవవంతు పనియు చేయలేదు.

ఇక మన సీమకు వత్తము. బి. నరసింగరావు తీసిన 'దాసి' (1988) తెలంగాణపు గడి కథ. 1920ల నాటిది. దొరసాని పెండ్లితోపాటు అరణముగ వచ్చిన ఆడబాప కమలాక్షి బ్రదుకు అందలి వస్తువు. కమలాక్షి పాత్రకు అర్చన, ఛాయాగ్రహణమునకు ఎ. కె. బీర్, కళాదర్శకత్వమునకు తోట వైకుంఠం జాతీయ పురస్కారములు పొందిరి. వైకుంఠము కరీంనగర సీమలోని బూరుగుపల్లివాడు, చిత్రకారుడుగ లోకప్రసిద్ధుడు. గడిని గూర్చి చదివి తెలిసికొన్నవానికిని, ఆ నీడలో పుట్టిపెరిగినవానికిని గల అంతరము ఈ చిత్రపు ప్రతి మూలలో కనబడును.

గడి అనగా పెద్ద మేడ అని మాత్రమే అనుకొనరాదు. అది గడపల వరుస. పెద్ద దర్వాజ బయట ఆగవలసినవారు కొందరు, ముంగిటవరకు రాదగినవారు కొందరు, అరుగెక్కదగినవారు మరికొందరు. లోపలి ఇంటిలోనికి అడుగిడగలవారు వేళ్ళమీద లెక్కింపదగినవారు. చిత్రమేమనగా ఊరిలోని పెద్దరైతు దాటరాని గడపలను ఆడబాప దినమునకు పదిసార్లు దాటును. అన్ని గడపలును ఆమెకు తెరచియే యుండును. బయటి గడప తప్ప. ఈ ఒక్క విషయమున ఆమె దాస్యమంతయు ఇమిడియున్నది. దానిని సంభాషణలలో చెప్పనక్కరలేదు. ఆ చిత్రమున సంభాషణలు మిక్కిలి తక్కువ. ఆమె నీళ్ళు మోయుచు, ఊడ్చుచు, దీపము పట్టుచు లోపలినుండి వెలుపలికి, వెలుపలినుండి లోపలికి తిరుగుచుండును. కథను గడినుండి పెరికి నగరములోని ఒక ధనికుని ఇంట నాటి చూడుడు. ఇంటి పనికత్తె కష్టములు మిగులును గాని దాసి మిగులదు. పనికత్తె సాయంకాలము తన ఇంటికి పోగలదు. ప్రవరునివలె కమలాక్షికిని మరలిపోవు దారి లేదు. ఆమె పసరు అరణమునాడే కరిగిపోయినది.

దీనికి నేరుగ ఎదురైన ఉదాహరణము 'బలగం'. 2023 మార్చిలో విడుదలైన ఈ చిత్రమునకు దర్శకుడు వేణు ఎల్దండి, సిరిసిల్ల ప్రాంతీయుడు. చిత్రీకరణమును ఆ ప్రాంతపు పల్లెలోనే జరిపిరి. కథ మిక్కిలి చిన్నది. కొమురయ్య అను వృద్ధుడు చనిపోవును. ఇరువది ఏండ్ల క్రితము విందులో నల్లిబొక్క విషయమై బావమరదుల నడుమ వచ్చిన పట్టింపుచే ఆ ఇంటి అల్లుడు, ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కుట మానిరి. ఇప్పుడు చావునకు అందరును కూడిరి. మూడవనాడు పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టలేదు. పోయినవానికి ఏదియో తీరని కోరిక మిగిలియున్నదని ఊరు అనుకొన్నది. పదకొండవనాటికి ఏమగునన్నది తరువాతి కథ.

ఈ చిత్రమున చోటు ఏది? ఊరు అని చెప్పుట సులభము. కాని ఊరిని చూపిన చిత్రములు వందలకొలది కలవు. 'బలగం'లో పనిచేయు చోటు, ఊరును పదకొండు దినములును కలిసినది. కాలముతో కట్టివేయబడిన చోటు అది. సామాన్యముగ మనుష్యులు కోపము వచ్చినచో బస్సెక్కి పోవుదురు. ఈ ఇంటివారును గతములో అట్లే పోయినవారే. చావింటి ఆచారము వారిని పోనీయదు. ఒక ముంగిట కూర్చుండవలెను, ఒక బంతిలో తినవలెను, మూడవనాడు, అయిదవనాడు, పదకొండవనాడు ఒకే చెట్టుక్రింద ఒకే పిట్టకై ఎదురుచూడవలెను. మరియు అందరును చూచుచుందురు. పట్టణమున కుటుంబపు తగవు నాలుగు గోడల నడుమ సమాప్తమగును; ఇచట ఇరుగుపొరుగు, కులపెద్దలు, ఊరిపెద్దలు కాకి రాలేదని కండ్లార చూచినవారే. కాకి అనునది ఎవరి ఆజ్ఞకును లోబడనిది. డబ్బిచ్చి రప్పింపలేము, తగవు తీర్చి రప్పింపవలెను. అప్పులలో మునిగి, పెండ్లి కుదిరిన ఆనందమున ఉన్న మనుమడు సాయిలునకు మొదట తాత చావు ఒక అడ్డంకి మాత్రమే. అదే ముంగిట పదకొండు దినములు గడుపుటచే వాని మనసు మారును. వాని మార్పునకు ఏ మహోపన్యాసమును కారణము కాదు, కదలనీయని ముంగిలి కారణము.

చివరి ఘట్టమున బుడగ జంగాల గాయకులు వచ్చి పోయినవానిని గూర్చి పాడుదురు. మృతుని వంశమును, బంధువులను పేరుపేరున తలచి పాడుట ఈ సీమలో నిజముగ ఉన్న ఆచారము. కావున ఆ పాట కథలో అతికినట్లుండదు. ఇతర చిత్రములలో పాట కథను ఆపును. ఇచట పాట లేనిచో కథ ఆగును. ఈ చిత్రమునకు పాటలు వ్రాసిన కాసర్ల శ్యామ్‌నకు పల్లెను గూర్చిన పాటకు జాతీయ పురస్కారము లభించినది.

భాషను గూర్చి ఒక మాట. శాస్త్రగ్రంథములు స్థలమనగా కంటికి కనబడునదే అన్నట్లు వ్రాయుచున్నవి. మాకు ఇందు సమ్మతి లేదు. చెవికి వినబడు చోటు కూడ చోటే. కరీంనగర, ఆదిలాబాదు పల్లెలలో 'వచ్చిండు' అనుటకు 'అచ్చిండు' అందురు. తెలంగాణమున దక్షిణభాగపు పలుకుబడికిని దీనికిని ఈ చిన్న అంతరము కలదు. తెలుగు చలనచిత్రము బహుకాలము తెలంగాణ పలుకుబడినంతటిని ఒకటే ముద్దగ చేసి, దానిని దుష్టపాత్రలకును, హాస్యపాత్రలకును పంచిపెట్టినది. నాయకుడు ఏ ఊరివాడైనను పుస్తకభాషయో, కోస్తా పలుకుబడియో మాటాడెడివాడు. అనగా నాయకునకు చోటు లేదు, దుష్టునకే చోటున్నది. 'బలగం' వంటి చిత్రములలో పలుకుబడి అందరిదియు నగుటచే అది ఎవరికిని గుర్తింపుచీటి కాలేదు. ఊరి గాలివలె అది అంతటను ఉన్నది.

'దసరా' (2023) చిత్రమును గూర్చి కొద్దిగ చెప్పి ముందుకు పోవుదము. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల గోదావరిఖని ప్రాంతమునకు చెందినవాడు. వీర్లపల్లి అను కల్పిత గ్రామము సింగరేణి బొగ్గుసీమలోనిది. ఆ గ్రామమును హైదరాబాదు సమీపమున సెట్టుగ కట్టిరి. కట్టుటలో దోషము లేదని ముందే చెప్పితిమి. కదలుచున్న రైలునుండి బొగ్గు దొంగిలించు దృశ్యమున ఆ సీమ పనిచేయుచున్నది. బొగ్గులేని ఊరిలో ఆ దొంగతనము లేదు, ఆ యువకుల సాహసమును లేదు. ఎవరు లోపల కూర్చుండవచ్చునో, ఎవరు బయట ఉండవలెనో కులమును బట్టి తేల్చు మద్యశాలయు పనిచేయు చోటే. గడి గడపకు అది కొత్త రూపము. కాని బొగ్గుమసి ప్రతి ముఖమునను, ప్రతి గోడనను పరచుకొనుటచే కొంతసేపటికి అది అలంకారమైపోయినది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని కార్మికవాడలను ఎరిగినవారికి బొగ్గుసీమ అనగా మసి కన్న మున్ముందు షిఫ్టు గుర్తునకు వచ్చును. ఇంటిలో ఎవరు ఎప్పుడు నిద్రించుదురో, ఎప్పుడు అన్నము తిందురో, పండుగ ఏ జామున చేసికొందురో నిర్ణయించునది సైరను. ఆ గడియారము కథలోనికి రాలేదు.

ఇప్పుడు ఆదిలాబాదునకు వత్తము. మా ముఖ్యోద్దేశము ఇదియే. ఉత్తరమున పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత, దక్షిణమున గోదావరి. నడుమ సహ్యాద్రి శ్రేణుల కొండలు, టేకుటడవులు, నల్లరేగడి ప్రత్తిచేలు. తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి, కోలామీ భాషలు ఒకే సంతలో వినబడు సీమ ఇది. చలనచిత్రమున దీనికి దొరకిన రూపము మాత్రము ఒక్కటే: అడవి.

చరిత్రను స్మరింతము. గోండు వీరుడు కొమరం భీము 1901లో ఆసిఫాబాదు ప్రాంతమున సంకేపల్లిలో జన్మించెనని ప్రసిద్ధి. నిజాము రాజ్యమున అడవులను రిజర్వు చేయుటచే గోండులును కోలాములును తరతరముల సాగుభూములు కోల్పోయిరి. జంగ్లాతు ఉద్యోగులు పోడుచేలను అడ్డగించి, గుడిసెలను తొలగించి, పశువుల మేతకును కట్టెకును పన్నులు పట్టిరి. భీము పండ్రెండు గూడెముల వారిని కూడగట్టి ఎదిరించెను. 1940లో జోడేఘాట్ కొండలలో పోలీసుల కాల్పులలో మరణించెను. తరువాత నిజాము ప్రభుత్వము ఈ అశాంతికి కారణములు తెలిసికొనగోరినది. మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ గోండుల నడుమ మార్లవాయి గ్రామమున నివసించి, 1948లో ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. ఈ చరిత్రలో చోటు నేపథ్యము కాదు, చోటే తగవు. ఈ వాగునకు ఈవల దున్నవచ్చునా, ఈ గుట్టపై మేపవచ్చునా అన్నదే తగవు. చోటును తీసివేసినచో భీముని కథలో మిగులునది పేరు మాత్రమే.

అల్లం రాజయ్య, సాహు కలిసి వ్రాసిన నవల ఈ కథను సాహిత్యమునకు తెచ్చినది. చలనచిత్రమునకు తెచ్చినవాడు అల్లాణి శ్రీధర్. భూపాల్ రెడ్డి భీముడుగ నటించిన ఆ చిత్రము 1990లో నిర్మితమై, నంది పురస్కారములు పొందియు, 2010లో గాని ప్రజల ముందునకు రాలేదు. ఇరువది సంవత్సరములు పెట్టెలో ఉన్న చిత్రము విమర్శకుల చర్చలోనికి తగినంతగ రాకపోవుటలో వింత లేదు.

2022లో భీముని పేరు ప్రపంచమంతట మ్రోగినది. ఎస్. ఎస్. రాజమౌళి 'ఆర్ ఆర్ ఆర్' చిత్రము భీముని, అల్లూరి సీతారామరాజును మిత్రులుగ కల్పించినది. ఇది కల్పితమని దర్శకుడు దాచలేదు. కావున చరిత్రను తప్పించెనని తగవులాడుట మా ఉద్దేశము కాదు. చోటు ఏమైనదన్నది మాత్రమే మా ప్రశ్న. చిత్రము 1920 నాటి ఆదిలాబాదు అడవిలో ఆరంభమగును. దొరసాని చేతిపై రంగులు దిద్దుచు పాడిన మల్లి అను బాలికను చూచి గవర్నరు పరివారము ముచ్చటపడి రెండు నాణెములు విసరును. పాటకిచ్చిన బహుమానమని తల్లి తలచును. అది బిడ్డ వెల అని తరువాత తెలియును. ఈ ఆరంభము గొప్పది. ఒకే నాణెమునకు అడవిలో ఒక అర్థము, అధికారమునకు మరొక అర్థము. ఇచట చోటు నిశ్చయముగ కథను నడపినది.

ఆ తరువాత కథ ఢిల్లీకి పోవును. అప్పటినుండి ఆదిలాబాదు భీముని పుట్టినయూరు మాత్రమే. మా పరీక్షను పెట్టి చూడుడు: బస్తరు అడవినుండియో, నల్లమలనుండియో బిడ్డను ఎత్తుకొనిపోయినట్లు చెప్పినచో తరువాతి కథలో ఏమియు తెగదు. చోటు మారినందున మూడు విషయములు మారినవి. ప్రత్యర్థి మారెను, జంగ్లాతు చౌకీదారు, నిజాము ఉద్యోగి స్థానమున గవర్నరు నిలిచెను. నిజాము దూత కథలో ఒకసారి వచ్చి, గోండులను గూర్చి దొరలను హెచ్చరించి పోవును; చరిత్రలో ప్రధాన ప్రతిపక్షము చిత్రమున వార్తాహరుడైనది. అడిగినది మారెను, భూమికి బదులు బిడ్డ. తీర్పును మారెను, పట్టాకు బదులు విడుదల. ఇట్లు జరిగి, చిత్రాంతమున భీము చదువు కావలెనని కోరగా, రాముడు జెండాపై జల్, జంగల్, జమీన్ అను మూడు మాటలు వ్రాయును. నీరు, అడవి, భూమి! మూడును చోటు పేర్లే. మూడు గంటల చిత్రము తాను చూపని చోటును చివరకు అక్షరములలో వ్రాసి చూపవలసి వచ్చినది. ఆ జెండాను చూచినపుడు మాకు కలిగిన ఉత్సాహమునకు వెనువెంట ఈ వెలితియు తోచినది.

కాలమును గూర్చి కూడ ఆలోచింపవలెను, ఏలన చోటునకు ఋతువు రెండవ ముఖము. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' (1955) చిత్రీకరణమును 1952 అక్టోబరులో రెల్లుపూల పొలమున ఆరంభించెను. వారము తరువాత మరల పోయి చూడగా పూలన్నిటిని పశువులు మేసివేసినవి. రాయ్ వేరొక పొలమును వెదకలేదు, వేరొక పూవును పెట్టలేదు; మరుసటి పూతవరకు ఆగెను. ఆదిలాబాదు అడవి ఒకటే పచ్చదనము కాదు. వేసవిలో టేకు ఆకు రాల్చి మోడగును. ఫాల్గున చైత్రములలో ఇప్పపూలు రాలును. గూడెములవారు తెల్లవారకముందే ఏరబోవుదురు. గోండులు భీముని వర్ధంతిని ఆశ్వయుజ పూర్ణిమనాడు జరుపుకొందురు. వర్షములు వెనుకబట్టి, జొన్నచేలు ఎదిగి, దీపావళి దండారికి గుస్సాడీలు నెమలిఈకల టోపీలు సవరించుకొను కాలమది. ఆ రాత్రిని చిత్రించువాడు చేనిపై పైరు నిలిచియున్నదని చూపకుండుట ఎట్లు? పైరు నిలిచిన భూమిని విడిచి పొమ్మనుటకును, కోత ముగిసిన బీడును విడిచి పొమ్మనుటకును ఎంత అంతరము! ఈ అంతరము ఏ సంభాషణ లేకయే చోటు చెప్పగలదు.

భాష మాట ఇచట మరల వచ్చును. గోండులు తమలో తాము గోండి మాటాడుదురు. అది మన ద్రావిడ కుటుంబపు భాషయే. హైమెండార్ఫ్ కాలమున మార్లవాయిలో గోండి పాఠ్యపుస్తకములతో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిరి. చిత్రములలో గోండులు తల్లీబిడ్డలుగ మాటాడుకొనునపుడు కూడ తెలుగే వినబడుచున్నది. ప్రేక్షకుల సౌకర్యము కొరకు అది తప్పనిసరి అందురు. కాని జంగ్లాతు ఉద్యోగి ఉర్దూలో అరచుట, గూడెపు పెద్ద గోండిలో బదులు పలుకుట, నడుమ ఒకడు తెలుగులోనో మరాఠీలోనో తప్పుగ మార్చి చెప్పుట, ఇదంతయు ఆ సీమ చరిత్రలో నిత్యకృత్యము. ఒక్క కాగితమును చదువలేకపోవుటచే భూమి పోయిన సీమ అది. నాణెమును అపార్థము చేసికొన్న తల్లి దృశ్యము అంతగ మనసున నాటుటకు కారణము, అది ఈ చరిత్రను తాకినందుననే.

పరిశోధక విద్యార్థులకు ఒక సూచన. చిత్రమును మొదటిసారి కథకై చూడవచ్చును. రెండవసారి చూచునపుడు కథను మరచి, ఎవరు ఏ గడప దాటిరి, ఎవరు దాటలేదు, ఏ పనిముట్టు ఎవరి చేతిలో నున్నది, ఏ భాష ఎవరి ముందు మాటాడిరి, ఏ మాసము అని వరుసగ వ్రాసికొనవలెను. ఈ పట్టిక కథాసంగ్రహము కన్న తరచుగ ఎక్కువ చెప్పును. అంతకన్న ముందు ఆ సీమకు పోయి చూచుట మేలు.

పుష్యమాసమున ఇంద్రవెల్లి మండలపు కేస్లాపూరునకు పోయినవారికి నాగోబా జాతర కనబడును. అంతకు ముందే మెస్రం వంశీయులు కాలినడకన బయలుదేరి, జన్నారము ప్రాంతమున హస్తినమడుగు కడ గోదావరి నీటిని కలశముతో తెత్తురు. దారిలో విడిది చేయు చోట్లు, దాటు వాగులు, రాత్రి బస చేయు మర్రిచెట్లు అన్నియు నియతములు. ప్రధానులు కిక్రీ వాయించుచు వంశకథలను పాడుదురు. అమావాస్యనాడు ఆ నీటితో నాగోబాకు అభిషేకము జరుగును. భరతుని నటుడు రంగముపై చుట్టు తిరిగి చోటును సృష్టించెను. ఇచట కథ చెప్పువారు కథలోని చోటినే నిజముగ నడచుచున్నారు. దీనిని చిత్రింపబూనిన దర్శకుడు కెమెరాను గుడి ముంగిట జనసమ్మర్దములో నిలుపుట సులభము. కథ మాత్రము హస్తినమడుగునుండి కలశము వచ్చు కాలిబాటపై నున్నది.